అటక మీద దొరికిన పాత తుపాకి: ముట్టుకునే ముందు ఏం చూడాలి, కొనే ముందు ఏం అడగాలి

పాత ఇల్లు పడగొడుతుంటేనో, గాదె ఖాళీ చేస్తుంటేనో గోనెపట్టాలో చుట్టిన పొడుగాటి తుపాకి బయటపడిందనుకోండి. మన నెల్లూరు, ప్రకాశం వైపు ఇదేం వింత కాదు. వెంకటగిరి సంస్థానం నడిచిన చోటు, వెలిగొండ పక్కన పందుల కాపలా కాసిన ఊళ్ళు, కంపెనీ రోజుల నుంచి మదరాసుతో రాకపోకలున్న కుటుంబాలు, ఎక్కడో ఒకచోట ఒకటి మిగిలే ఉంటుంది. దొరకగానే చాలామంది చేసే పని, భుజానికి ఎత్తుకుని గుర్రం వెనక్కి లాగి ఫోటో దిగడం. గుర్రం అంటే మీట నొక్కితే సుత్తిలాగా వచ్చి పడే ముక్క. దయచేసి ఆ పని చేయొద్దు. మూతిని ఎవరూ లేని గోడ వైపు తిప్పి కింద పెట్టండి, పిల్లల్ని బయటికి పంపండి, ఆ తర్వాత మిగతాది చదవండి.

ఇవి మూతిలో నుంచి మందు పోసి, గుడ్డ పీలికో పీచో పెట్టి, గుండో రవ్వలో వేసి కడ్డీతో దట్టించే తుపాకులు. తోటాల తుపాకి అయితే వెనక విరిచి చూస్తే ఖాళీయో కాదో తెలిసిపోతుంది. దీనికి ఆ వీలు లేదు. అందుకని నిటారుగా ఉన్న సన్నటి చెక్క పుల్ల ఒకటి తీసుకోండి, వెదురైనా సరే, ఇనప చువ్వ మాత్రం వద్దు. మూతికి ఎదురుగా కాకుండా పక్కన కూర్చుని, ఆ పుల్లను మెల్లగా అడుగు తగిలేదాకా దించి, మూతి దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టండి. బయటికి తీసి, గీత మూతికి సరిపోయేట్టు గొట్టం పక్కన ఆనించి చూడండి. పుల్ల కొస, గొట్టం వెనక లోపలికి నిప్పు వెళ్ళే రంజకపు రంధ్రం దాకానో, దెబ్బకి పేలే చిన్న రాగి క్యాపు పెట్టే బోలు మొలక, అంటే నిపుల్ దాకానో వస్తే గొట్టం ఖాళీ. రెండు మూడు అంగుళాలు ముందే ఆగిపోతే లోపల ఏదో ఉన్నట్టే. అది కందిరీగలు పెట్టిన మట్టిగూడు కావచ్చు, కూరిన మందూ కావచ్చు. మందే అనుకుని నడుచుకోండి.

వెంకటగిరికి కాస్త దూరంలో ఒక ఊళ్ళో ఇలాగే చూశాం. పుల్ల దించితే మెత్తగా ఆగింది, గట్టి అడుగు తగిలిన చప్పుడు రాలేదు. బయట ఆనించి చూస్తే నిపుల్‌కి నాలుగు వేళ్ళ ముందే ఉంది కొస. ఇంటి పెద్దావిడ అరుగు మీద కూర్చుని చూస్తూ, "మా మామ పందులకని కూరి పెట్టినాడు నాయనా, ఆయన పోయినాక దాన్ని ఎవురూ ముట్టుకోలా" అంది. ఆయన పోయి నలభై ఏళ్ళ పైమాటే. స్టేషన్‌కి చెప్పి, వాళ్ళ ఎదుటే తెలిసినవాళ్ళ చేత తీయించారు. ముందు కొబ్బరి పీచు ఉండ వచ్చింది, తర్వాత బూడిద రంగు పట్టిన సీసం రవ్వలు, మళ్ళీ పీచు, చివర గుప్పెడు నల్లటి పొడి. పొడి పొడిగానే ఉంది. చిటికెడు తీసి దూరంగా రాయి మీద వేసి అంటిస్తే బుస్సుమని తెల్లటి పొగ లేచింది. నాటు మందులో నూటికి డెబ్బై ఐదు పాళ్ళు సురేకారం, పదిహేను బొగ్గు, పది గంధకం. తడి తగలకపోతే అది వందేళ్ళకైనా చెడదు. ఆవిడ మనవళ్ళు ఆ తుపాకితోనే పెరట్లో దొంగ పోలీసు ఆట ఆడారట, అది విన్నప్పటి నుంచి నేను ఎవరింటికి వెళ్ళినా మొదట పుల్ల అడుగుతాను. లోపల ఏదైనా ఉందనిపిస్తే మీరు తీయబోవద్దు, వేడి చేయొద్దు, మేకుతో పొడవొద్దు.

ఇక చట్టం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మూతి నుంచి కూరే తుపాకి కూడా తుపాకే, లైసెన్సు కావాలి. "వందేళ్ళ నాటిది కదా, యాంటిక్ కదా, దీనికి లైసెన్సేంటి" అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. అదే చట్టం 45వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ దాన్ని సగమే చదివి అమ్మేవాళ్ళు ఉన్నారు. పాతకాలపు నమూనా అయినా, పురాతన విలువ ఉన్నదైనా, పాడైపోయినదైనా, రిపేరు చేసినా చేయకపోయినా తుపాకిగా వాడటానికి పనికిరానిదై ఉండాలి, అప్పుడే మినహాయింపు. గొట్టం బాగుండి, నిపుల్ మారిస్తే పేలేది ఎంత పాతదైనా దాని కిందికి రాదు. పనికొస్తుందో రాదో తేల్చేది మీరో నేనో అమ్మేవాడో కాదు, కాబట్టి స్టేషన్‌లో రాతపూర్వకంగా చెప్పి, కలెక్టరేట్‌లో ఆయుధాల లైసెన్సులు చూసే సెక్షన్‌కి దరఖాస్తు పెట్టి, పరీక్ష చేయించి, కాగితం చేతిలో పెట్టుకోండి. తాతగారి పేరు మీద లైసెన్సు ఉండి ఆయన పోయి ఉంటే, వారసులు ఆయుధాన్ని స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి, తమ పేరు మీదికి మార్చుకోడానికి అడగాలి. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా తుపాకులు స్టేషన్‌లో పెట్టి రసీదు తెచ్చుకున్న ఇళ్ళు మన ఊళ్ళలో చాలా ఉన్నాయి, ఆ పాత రసీదులు, లైసెన్సు పుస్తకం పారేయకండి, వాటి సంగతి మళ్ళీ వస్తుంది. ఇంకో మాట, 2019 సవరణ తర్వాత ఒక మనిషికి లైసెన్సు మీద రెండు తుపాకులకు మించి ఉండకూడదు, అంతకు ముందు మూడు ఉండేవి. వారసత్వంగా వచ్చినవైనా ఆ రెండింటిలోనే లెక్క.

1972 పురావస్తువుల చట్టం కూడా గుర్తుంచుకోవాలి. వందేళ్ళు దాటిన కళాత్మక, చారిత్రక వస్తువులు పురావస్తువుల కింద లెక్క. వాటిని మామూలు మనుషులు దేశం దాటించకూడదు, వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. విదేశంలో ఉన్న అబ్బాయికి గిఫ్టుగా పంపుదాం అనే ఆలోచన పెట్టుకోకండి. తుపాకి చెక్కలో ఏనుగు దంతం ముక్కలు పొదిగి ఉంటే వన్యప్రాణి చట్టం కూడా వచ్చి పడుతుంది, అలాంటిది కొనకపోవడమే మేలు.

ఇవన్నీ విని టెన్షన్ పడి పోనీలే అనుకునేవాళ్ళకు నేను చెప్పే దారి ఒకటుంది. తుపాకితో కాకుండా దాని సామానుతో మొదలుపెట్టండి. మందు దాచుకునే బర్రె కొమ్ము, ఇత్తడి మందు బుడ్డి, రవ్వలు పోసుకునే తోలు సంచి, ఇవన్నీ పాత ఇనప సామాన్ల కొట్లలో ఇప్పటికీ కనిపిస్తాయి. ఒక మంచి మందు బుడ్డిని ఏడాది పాటు చూస్తే, పాత ఇత్తడి ఎలా ఉంటుందో కంటికి అలవాటవుతుంది.

ఇప్పుడు తుపాకి దగ్గరికి వద్దాం. మొదట చూడాల్సింది నిప్పు ఎలా అంటుకుంటుంది అనేది. పక్కన చిన్న పళ్ళెం, పాము తలలా వంగిన కొక్కెం, దాని చీలికలో వత్తి పెట్టే చోటు ఉంటే అది వత్తి తుపాకి, జామగీ తుపాకి అని పాత మాట. గుర్రం నోట్లో చెకుముకి రాయి బిగించే మర ఉండి, ఎదురుగా రాయి కొట్టుకునే ఉక్కు రేకు, దాని కింద రంజకం పోసే పళ్ళెం ఉంటే చెకుముకి తుపాకి. ఇవేవీ లేకుండా గుర్రం ముందు బోలుగా ఉండి, అది సరిగ్గా ఒక చిన్న నిపుల్ మీద పడుతుంటే క్యాపు తుపాకి. ఈ క్యాపు వెనక ఒక కథ ఉంది. చెకుముకి తుపాకిలో ముందు పళ్ళెంలో మెరుపు వచ్చి తర్వాత గుండు పోతుంది, ఆ మెరుపుకి పక్షులు లేచిపోయేవి. స్కాట్లాండులో వేట సరదా ఉన్న ఫోర్సైత్ అనే పాదిరీ దీనికి విసిగి, దెబ్బ తగిలితే పేలే మందును వాడే పద్ధతి కనిపెట్టి 1807లో పేటెంట్ తీసుకున్నాడు. రాగి క్యాపులు ఆ తర్వాత 1820ల్లో వ్యాపించాయి. కాబట్టి మీ చేతిలో ఉన్నది క్యాపు తుపాకి అయ్యుండి, అది ఫలానా రాజుగారు 1780లో వాడినదని చెప్తే, ఒకటి కథ తప్పన్నా అయి ఉండాలి, లేదా చెకుముకిది తర్వాత క్యాపుకి మార్చినదన్నా అయి ఉండాలి.

అలా మార్చినవి చాలా ఉన్నాయి, అందులో మోసమేం లేదు, ఆ కాలంలో డబ్బు మిగుల్చుకోడానికి అందరూ చేసిన పనే. పళ్ళెం, ఉక్కు రేకు ఊడదీసి, రంజకపు రంధ్రంలో చిన్న డ్రమ్ములాంటి ముక్క బిగించి దాని మీద నిపుల్ పెట్టేవాళ్ళు. గుర్రం బిగించి ఉండే పక్క రేకు, అంటే లాక్ రేకు మీద ఆ పాత మరల రంధ్రాలు పూడ్చిన గుండ్రటి మచ్చలు ఏటవాలు వెలుతురులో కనపడతాయి. మోసం దీనికి తిరగేసి జరుగుతుంది. చెకుముకిది అంటే ధర ఎక్కువ వస్తుందని, ఈ మార్చినదాన్ని ఈ మధ్యకాలంలో మళ్ళీ చెకుముకిగా మార్చి అమ్ముతారు. అప్పుడు రంజకపు రంధ్రం చుట్టూ చూడండి. నిజంగా వేలసార్లు మెరుపు తగిలిన ఇనుము అక్కడ గుంటలు గుంటలుగా తినేసి ఉంటుంది. మిగతా గొట్టమంతా గరుకుగా ఉండి, రంధ్రం చుట్టూ మాత్రం నున్నగా ఉందంటే అనుమానించాల్సిందే.

రెండోది గొట్టం. మనవాళ్ళు పొడుగ్గా ఉన్న ప్రతి తుపాకినీ రైఫిల్ అంటారు, అది సరి కాదు. లోపల మెలి తిరిగిన గాడులు ఉంటేనే రైఫిల్, ఆ గాడులే గుండుని బొంగరంలా తిప్పి సూటిగా పంపిస్తాయి. ఖాళీ అని తేలాక మూతిలో చిన్న టార్చి కాంతి వేసి చూడండి. నునుపుగా ఉంటే సిపాయిలు వాడిన మస్కెట్టో, రవ్వల తుపాకో. మన వైపు దొరికేవాటిలో ఎక్కువ నునుపు గొట్టాలే, పందులకూ కుందేళ్ళకూ రవ్వలు వేసినవి. గాడులుంటే లెక్కపెట్టండి. బ్రిటిష్ సైన్యం వాడిన రైఫిళ్ళలో 1800 నాటి బేకర్‌కి ఏడు, బ్రన్స్‌విక్‌కి రెండు, 1853 ఎన్‌ఫీల్డ్‌కి మూడు. ఆ ఎన్‌ఫీల్డే 1857లో తోటాల గొడవకు కారణమైన తుపాకి, 39 అంగుళాల గొట్టం, దాన్ని చెక్కకు పట్టి ఉంచే మూడు పట్టీలు, బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, అంగుళంలో 577 వేల వంతులు. వెర్నియర్‌తో కొలిస్తే మూతి దగ్గర సుమారు 14.7 మిల్లీమీటర్లు రావాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. 1857 తర్వాత దేశీ సిపాయిల చేతికి గాడుల తుపాకి ఇవ్వడానికి భయపడి, చూడటానికి అచ్చం ఎన్‌ఫీల్డ్ లాగే ఉండి గాడులు లేని, బోరు ఇంకా పెద్దదైన రకం ఇచ్చారు. కాబట్టి ఎన్‌ఫీల్డ్ ఆకారం ఉండి లోపల నునుపుగా ఉంటే నకిలీ అని విసిరేయకండి, మన చరిత్రకు అదే ఇంకా దగ్గర తుపాకి కావచ్చు.

అంతకు ముందు తరానిది కంపెనీ మస్కెట్. ఈస్టిండియా కంపెనీ తన సైన్యానికి 39 అంగుళాల గొట్టంతో, కాస్త చవగ్గా చేయించుకున్న నమూనా అది. ఫ్రెంచి యుద్ధాల్లో తుపాకులు చాలక బ్రిటిష్ ప్రభుత్వం 1797లో దాన్నే తనూ తీసుకుంది, అందుకే దాని పేరు ఇండియా ప్యాటర్న్. బోరు ముప్పావు అంగుళం, అంటే 19 మిల్లీమీటర్లు, బొటనవేలు దూరేంత.

అమెరికా లాంగ్ రైఫిల్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆన్‌లైన్‌లో ఆ పేరు పెట్టి మనవాళ్ళకు అమ్మజూపేవాళ్ళు ఉన్నారు. పెన్సిల్వేనియాలో, లాంకాస్టర్ చుట్టుపక్కల స్థిరపడ్డ జర్మన్ పనివాళ్ళు 18వ శతాబ్దంలో తమ దేశపు పొట్టి వేట రైఫిల్‌ని సాగదీసి చేసినది అది. ఎనిమిది పలకల గొట్టం, తరచు 40 అంగుళాలు దాటి ఉంటుంది, బోరు చిన్నది, అర అంగుళానికి అటూ ఇటూ. పులి చారల్లాంటి గీతలున్న మేపుల్ చెక్క మూతి దాకా సాగి ఉంటుంది. మడమ, అంటే భుజానికి ఆనే వెనక భాగం, దాని పక్కన ఇత్తడి మూత ఉన్న చిన్న పెట్టె ఉంటుంది, గుండుకి చుట్టే కొవ్వు గుడ్డ ముక్కలు అందులో పెట్టుకునేవాళ్ళు. చిన్న గుండు కాబట్టి సీసం, మందు తక్కువ ఖర్చు, అడవుల్లో నెలలు తిరిగేవాడికి అది పెద్ద విషయం. చేసినవాడి పేరు గొట్టం మీద చెక్కి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఎంతో అందమైన పనితనం, నాకు చాలా ఇష్టం కూడా, కానీ అది మన జమీందారు ఇంటి అటక మీదికి రావడానికి దారి లేదు. ఈ లాంగ్ రైఫిల్‌కే కెంటకీ రైఫిల్ అని ఇంకో పేరు, టేకు చెక్కతో ఉన్నదాన్ని ఆ పేరుతో చూపిస్తే మారు మాట్లాడకుండా ఫోన్ పెట్టేయండి.

మూడోది గుర్తులు, వీటి మీద కాస్త ఓపిక పెట్టండి. లాక్ రేకు మీద కిరీటం కింద జీ ఆర్ అని ఉంటే జార్జి రాజుల కాలం, అంటే 1830 లోపు. వీ ఆర్ అని ఉంటే విక్టోరియా, అంటే 1837 తర్వాత. టవర్ అని ఉంటే అది చేసినవాడి పేరు కాదు, లండన్ టవర్ ఆయుధశాలను సూచించే ముద్ర, దాని పక్కన ఏడాది ఉండొచ్చు. కంపెనీవైతే మొదట్లో నాలుగు అంకె తలపైన ఉన్న హృదయం ఆకారం, దాని గదుల్లో కంపెనీ పేరు పొడి అక్షరాలు, 19వ శతాబ్దం వచ్చాక వెనక కాళ్ళ మీద నిలబడ్డ సింహం. గొట్టం వెనక భాగంలో, ఎడమ వైపు, పరీక్ష ముద్రలుంటాయి, ఇంత మందు పోసి పేల్చి చూశాం, పగల్లేదు అని హామీ అన్నమాట. బర్మింగ్‌హామ్ పరీక్షశాల 1813లో పెట్టారు, లండన్‌ది అంతకన్నా చాలా పాతది. ముద్రల మధ్య 25 అంకె కనిపిస్తే అది ఏడాది కాదు. ఒక పౌండు సీసంతో సమానమైన ఇరవై ఐదు గుండ్లు పోస్తే ఒక్కో గుండు ఎంతుంటుందో అంత బోరు అని లెక్క, అది ఎన్‌ఫీల్డ్ బోరుకి సరిపోతుంది. ఇలా ఒక గుర్తు ఇంకో గుర్తుకి సాక్ష్యం చెప్పాలి. చెకుముకి లాక్ మీద వీ ఆర్, 1858 అని ఉందంటే ఆ సాక్ష్యం కుదరదు, ఎవరో ఈ మధ్య చెక్కింది.

గుర్తుల విషయంలో నాకు తగిలిన దెబ్బ చెప్తాను. మా మేనమామ వాళ్ళింట్లో గొట్టం చీలిపోయిన పాత క్యాపు తుపాకి ఉండేది, ఎందుకూ పనికిరాదని కాగితం కూడా ఉంది. లాక్ మీద తుప్పు కింద ఏవో అక్షరాలు లీలగా కనపడుతుంటే, బాగా కనిపించేట్టు చేద్దామని ఊళ్ళో ఒక లేత్ షాపులో ఇచ్చాను. సాయంత్రానికి అద్దంలా మెరుస్తూ వచ్చింది. ఎమెరీ బిళ్ళ పెట్టి గీకారు, వాళ్ళకి తెలిసింది అదే, తెలిసి తెలిసి ఇచ్చింది నేను. పొద్దున దాకా కిరీటం, దాని కింద అక్షరాలు, పక్కన 18 తర్వాత ఇంకో రెండు అంకెలు ఉన్న చోట ఇప్పుడు వేలితో తడిమితే కూడా ఏమీ తగలదు. ఆ రెండు అంకెలు ఏమిటో ఇక ఎప్పటికీ తెలియదు. నూట యాభై ఏళ్ళు ఉప్పు గాలి తినలేనిదాన్ని పది నిమిషాల్లో నేనే తినేయించాను. తుప్పు కింద అక్షరాలుంటే గీకకుండా చదవడానికి మంచి దారే ఉంది, చీకటి గదిలో సెల్‌ఫోన్ లైటుని రేకుకి పక్కగా, దాదాపు రేకుని ఆనించి పట్టుకుని నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. నీడలే అక్షరాల్ని పైకి లేపుతాయి.

నాలుగోది చెక్క. ఇంగ్లండు తుపాకులు చాలావరకు వాల్‌నట్ చెక్కవి. మన దగ్గర చెక్క విరిగినప్పుడు స్థానిక వడ్రంగి చేత టేకుతోనో, జిట్రేగితోనో మార్పించేవాళ్ళు. తెలియకపోతే ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కేవాళ్ళకి ఒకసారి చూపించండి, ఫోటో అయినా చాలు, నార తీరు చూసి మన అడవి చెక్కో కాదో చెప్పేస్తారు. ఒకసారి ఒకాయనకి ఫోటో చూపిస్తే తుపాకి పేరు అడగలేదు, "ముందరి సగం ఒక చెక్క, వెనక సగం ఇంకో చెక్క, అతుకు ఆ పట్టీ కింద దాచినారు చూడు" అన్నాడు. ఇంటికి పోయి పట్టీ దగ్గర భూతద్దం పెడితే నిజంగానే వెంట్రుకంత గీత ఉంది. అరిగిన చోట్లు కూడా చూడండి. నిజంగా వాడినదైతే చెంప ఆనే చోట, ఎడమ చెయ్యి పట్టే చోట, కడ్డీ లాగే దారిలో అరుగుతుంది. అన్ని మూలలూ ఒకే తీరుగా గుండ్రంగా అరిగి ఉంటే అది కాలం చేసిన పని కాదు, ఆకురాయి చేసిన పని.

కొత్తగా చేసి పాతదని అమ్మేవి మన దేశంలో బోలెడు తయారవుతాయి, అలంకారానికి అని అమ్మితే తప్పేం లేదు, యాంటిక్ అని అమ్మితేనే తప్పు. వాటిని పట్టుకోడానికి నాకు బాగా పనికొచ్చినవి మరలు. పాత మర తల గాడి చేత్తో కోసినది, సన్నగా ఉంటుంది, కొద్దిగా పక్కకు జరిగి కూడా ఉండొచ్చు. ప్లస్ గాడి ఉందంటే ఇక మాట్లాడక్కర్లేదు. తుప్పు రంగు చూడండి. కాలం పట్టిన ఇనుము ముదురు గోధుమ రంగులో, వేలితో రుద్దితే నున్నగా, ఏమీ అంటకుండా ఉంటుంది. యాసిడ్ పోసి పట్టించిన తుప్పు గొట్టమంతా ఒకే నారింజ రంగులో ఉండి వేలికి పొడిలా అంటుతుంది. నాటు తుపాకుల్లో గొట్టం బదులు నీళ్ళ పైపు వాడతారు, మూతిలో లైటు వేస్తే పొడుగునా తీగలా ఒక వెల్డింగు గీత కనపడుతుంది. అలాంటిది పాతదీ కాదు, చట్టబద్ధమైనదీ కాదు, ఫోటో కోసం కూడా చేతిలోకి తీసుకోవద్దు, కొత్తగా చేసినవాడితో పాటు మీరూ కేసులో ఉంటారు. లాక్ విప్పే అవకాశం తెలిసినవాళ్ళ సమక్షంలో దొరికితే లోపలి వైపు చూడండి. ఒకే చేతి మీద తయారైన ముక్కలకు ఆకురాయితో గీసిన చిన్న గీతలుంటాయి, రెండు గీతలంటే అన్ని ముక్కల మీదా రెండే. ఒక ముక్క మీద మూడు, ఇంకోదాని మీద రెండు ఉంటే రెండు తుపాకులు కలిసి ఒకటయ్యాయని అర్థం.

ధర ఎంత అని అందరూ అడుగుతారు. అంకె చెప్పను, ఎందుకంటే ఒకే రకం తుపాకులు రెండు పక్కపక్కన పెడితే ఒకదాని ధర ఇంకోదానికి సగం ఉండకపోవచ్చు. నేను చూసే వరుస మాత్రం చెప్తాను. అన్ని ముక్కలూ మొదటివేనా అనేది అన్నిటికన్నా ముందు, తర్వాత గుర్తులు చదవగలమా, తర్వాత పైచర్మం, అంటే కాలం పట్టించిన రంగు, ముట్టకుండా ఉందా, మెరుపు అన్నిటికన్నా చివర. మెరుపుకి నేను మార్కులు వేయను సరికదా తీసేస్తాను. వీటన్నిటి పక్కన ఇంకో విలువ ఉంది, అది కాగితం. పైన చెప్పానే, పాత లైసెన్సు పుస్తకం, డిపాజిట్ రసీదు, తాతగారు తుపాకి పట్టుకుని దిగిన ఫోటో, ఎస్టేటు సామాన్ల జాబితాలో ఒక పంక్తి. వీటిలో ఒక్కటున్నా ఆ తుపాకి ఎక్కడిదో రుజువవుతుంది, లేకపోతే అది కేవలం నోటి మాట. టిప్పు సుల్తాన్ తుపాకి అని చెప్పేవాళ్ళు నాకే ముగ్గురు తగిలారు. టిప్పు ఆయుధాలకు పులి చారల గుర్తు ప్రసిద్ధి, 1799లో శ్రీరంగపట్నం పడ్డాక వాటిలో మేలైనవి చాలా ఇంగ్లండు చేరాయి, నాకు చూపించిన వాటిలో ఒక్కదాని మీద కూడా చార అన్నది లేదు. కాగితం లేని ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళ మాట ఫోన్‌లో రికార్డు చేయండి, ఎవరు తెచ్చారు, ఎక్కడ వేలాడేది, ఎప్పుడు ఆగిపోయింది, తేదీ చెప్పి మొదలుపెట్టండి. ఇది ఈ నెలలోనే చేయండి, దసరాకి చేద్దాం అనుకున్న ఇల్లు ఒకటి నాకు ఇప్పుడు ఖాళీ అరుగుతో కనిపిస్తోంది.

కొనే ముందు కంటికి కొంచెం శిక్షణ కావాలి. పొద్దున్నే రైలెక్కి మదరాసు పోయి సెయింట్ జార్జి కోట మ్యూజియం, ఎగ్మూరు మ్యూజియం రెండూ ఒకే రోజు చూసి రావచ్చు. హైదరాబాదు పోతే సాలార్‌జంగ్‌లో ఆయుధాల గది. అద్దం అవతల ఉన్నా ఇత్తడి రంగు, గొట్టం రంగు, మర తలలు కనిపిస్తాయి, ఒక్కో తుపాకి దగ్గర పది నిమిషాలు నిలబడండి.

ఇక దాచుకోవడం. మన తీరంలో ఉప్పు గాలి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల తడి, దానికి తోడు చెదలు. తుపాకిని బయటి గోడకి వేలాడదీయొద్దు, ఆ గోడ చెమ్మ పీలుస్తుంది. తోలు ఒరలో, ఉన్ని గుడ్డలో, పాలిథిన్ కవరులో చుట్టిపెట్టొద్దు, మూడూ తడిని లోపల పట్టి ఉంచుతాయి. కొబ్బరి నూనె రాయొద్దు, కొన్నాళ్ళకు పాడై జిగురై ఇనుముని తింటుంది. తుపాకులకనే అమ్మే నూనె, లేదంటే పలచని మిషన్ నూనె, గుడ్డకి రెండు చుక్కలు వేసి ఇనుము మీద మాత్రమే, చెక్కకి తగలకుండా. పొడిలా రాలే ఎర్ర తుప్పుంటే నూనె రాసి రెండు రోజులు వదిలేసి, వెదురు చీలికతో మెల్లగా గీయండి, వచ్చినంత వస్తుంది, రానిది ఉండనివ్వండి. ఇత్తడి ముక్కలు నల్లబడ్డాయని ఇంట్లోవాళ్ళు చింతపండు పెట్టి తోమబోతారు, బిందెలకు అది సరే, దీనికి వద్దు, ఆ నలుపులో మడమ రేకు మీద గుద్దిన పటాలం నంబరు దాగి ఉండొచ్చు. గుర్రాన్ని లాగి ఖాళీ నిపుల్ మీద టప్పున వదలొద్దు, నిపుల్ నలుగుతుంది, గుర్రం చిట్లుతుంది. చూడాల్సి వస్తే బొటనవేలితో పట్టుకుని మెల్లగా దించండి. పాత తుపాకిని పేల్చి చూడాలనే కోరిక ఎంత ఉన్నా పేల్చొద్దు, గొట్టం వెనక బిగించిన మర లోపల ఎంత తినేసిందో బయటికి కనపడదు, అది ఊడితే వచ్చేది మీ ముఖం మీదికే.

దసరా ఆయుధపూజకి తుపాకిని దించే ఇళ్ళలో నేను చెప్పి మార్పించిన పద్ధతి ఒకటుంది. పసుపు నీళ్ళతో కలిపి గొట్టం మీద బొట్లు పెడితే, మరుసటి ఏడు ఆ బొట్టు కింద గుండ్రటి తుప్పు గుంట ఉంటుంది, వరసగా అలాంటి గుంటలున్న గొట్టం నేను చూశాను, ఏళ్ళు లెక్కపెట్టొచ్చు. పసుపు కుంకుమ ఒక దారానికి కట్టిన తమలపాకు మీద పెట్టి, ఆ దారాన్ని చెక్క మీద వదులుగా కట్టి, సాయంత్రం హారతి అయ్యాక విప్పేయండి. తర్వాత పొడి తెల్లగుడ్డతో మూతి నుంచి మడమ దాకా ఒక్కసారి తుడిచి గుడ్డని వెలుతుర్లో చూడండి, ఎర్రగా అంటితే మళ్ళీ నూనె, అంటకపోతే నోటు పుస్తకంలో తేదీ రాసి యథాస్థానంలో పెట్టేయండి.